పెళ్లిచూపుల్లో ఇంగ్లీషు పరీక్ష

"ఒక్క మాట బాబూ. కష్టవైనవి అడక్కు. దానికొచ్చినవే అడుగు," అన్నాడు గణపతిరావు.

1972లో చోడవరంలో ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పేవాళ్లు ముగ్గురు. వాళ్లలో చిన్నవాడు సత్యారావు. గణపతిరావు కూతురు నూకరత్నానికి ఆర్నెల్లుగా పాఠం చెబుతున్నాడు. ఆర్నెల్లుగా ఆమెను ప్రేమిస్తున్నాడు కూడా. మొదటిది ఊరందరికీ తెలుసు. రెండోది ఎవరికీ చెప్పలేదు.

దేవరాపల్లి సంబంధం వాళ్లకు ఇంగ్లీషు వచ్చిన పిల్ల కావాలట. కుర్రాడికి విశాఖపట్నంలో ఉద్యోగం మరి. పెళ్లిచూపుల్లో పాట పాడించినట్టే నాలుగు ఇంగ్లీషు ప్రశ్నలు అడిగించమన్నారు. అడగడానికి గణపతిరావుకు సత్యారావే దొరికాడు. పిల్ల పాసైతే దేవరాపల్లి కోడలవుతుంది. ఫెయిలైతే నలుగురిలో నవ్వులపాలవుతుంది. ఇలాంటి ఇరకాటం పగవాడికి కూడా వద్దు.

బుధవారం సాయంత్రం వానలోనే దేవరాపల్లి వాళ్లు వచ్చారు. నూకరత్నం చాప మీద తల వంచుకు కూర్చుంది. ఆమెను ఫెయిల్ చేయడానికి సత్యారావుకు మనసొప్పలేదు. బాగా వచ్చిన పాఠమే అడిగాడు.

"గ్లాన్స్, వాచ్, స్టేర్, గేజ్. అన్నీ చూడ్డమే. తేడా చెప్పు."

"ఉదాహరణలతో సెప్పొచ్చా మాస్టారూ?"

"చెప్పు."

"గ్లాన్స్ అంటే ఓసారి అలా సూసి ఒగ్గీడం. పెళ్లికొడుకుగారు వస్తానే నన్ను సూసేరు కదా, అది."

పెళ్లికొడుకు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"వాచ్ అంటే కదిలీదాన్ని కనిపెట్టుకుని సూడ్డం. జంతికల పళ్లెం వంటింట్లోంచి వస్తంటే ఆరి నాన్నగారు సూసేరు. స్టేర్ అంటే కళ్లార్పకుండా గుచ్చి సూడ్డం. ఆరమ్మగారు నా మెడలో గొలుసుని సూస్తన్నది అదే."

"చాల్లేయే," అన్నాడు గణపతిరావు మెల్లిగా.

"ఇంకోటుంది నాన్నా." తల ఎత్తింది. "గేజ్. ఇష్టంతో, సూపు తిప్పుకోలేక అలా సూస్తా ఉండిపోడం. నాను పుస్తకంలో తల దూర్చినప్పుడల్లా మా మాస్టారు సూసీది అదే. ఆర్నెల్లయింది. నాకు తెలీదనుకుంటన్నారు. నాకూ ఇష్టవే."

సత్యారావు చెవులు ఎర్రబడ్డాయి.

పెళ్లికొడుకే లేచాడు. "పిల్లకి ఇంగ్లీషు బాగానే వచ్చింది నాన్నా. ఎల్దాం రా." మంచివాడే, పాపం.

వాళ్లు గొడుగులు తీసుకుని వీధి మలుపు తిరిగేదాకా గణపతిరావు గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చాడు.

"నిజవేనా బాబూ?"

"నిజవేనండి. ఆమంటే నాకు ప్రాణం."

"మరి ఆర్నెల్లు సూస్తా, నోరిప్పకుండా కూకోడాన్ని ఇంగ్లీషులో ఏటంటారు?"

"భయం అంటారండి," అన్నాడు సత్యారావు.

గణపతిరావు కూతురి వైపు చూశాడు. ఆమె తల దించలేదు.

"రేపు బేస్తవారం, మంచిది," అన్నాడాయన. "మీయమ్మని తోలుకురా బాబూ. మాటలు ఆవిడ మాటాడతాది."