కాంక్రీటు ఆధారాలు

పద్నాలుగు దేశాల కాలేజీ విద్యార్థుల బుర్రల్ని ఒకే పరీక్షతో తూస్తారట! ఆ పరీక్ష పట్టుకుని, నేను సివిల్ పాఠాలు చెప్పే ఇంజినీరింగ్ కాలేజీకి వచ్చిన అమ్మాయికి ‘తక్కెడ’ అని పేరు పెట్టింది నేనే. ప్రశ్నల్ని తెలుగులోకి మార్చింది కూడా ఆవిడేనట. నన్ను చూసిన చూపులో నాకు అరమార్కు కూడా పడేలా లేదు.

ఫలితాలు వచ్చిన రోజు వాన. తక్కెడ తన తడిగొడుగు తెచ్చి నా టేబుల్ మీదే పెట్టింది.

“మీ సివిల్ పిల్లలకి ‘ఆలోచనాశక్తి’లో సున్నా అండీ. నలభై మందికీ! ఏం పాఠాలు చెబుతున్నారు?”

“మా దర్జీ చొక్కాకే రెండుసార్లు టేపు పెడతాడు. మీరు గంటలో మెదడు కొలిచేశారా?”

“వెటకారం తర్వాత. ఈ సున్నాలు పైకి వెళ్తే మీ బ్రాంచి ఎత్తేస్తారట.”

జవాబు పత్రాలు లాక్కుని చూశాను. అందరూ స్తంభాలు గీశారు, ఇనుప చువ్వల లెక్కతో సహా. ఆలోచనాశక్తికని ఇచ్చిన ఒకే ఒక్క ప్రశ్న చదివాను: ‘ఊరికి కొత్త బస్టాండు అవసరమా? కాంక్రీటు ఆధారాలు చూపండి.’

“ఇంగ్లిషులో ఏముంది?”

“కాంక్రీట్ ఎవిడెన్స్,” అంది, గొంతు తగ్గించి.

“అంటే గట్టి రుజువులు! సివిల్ వాళ్ళని కాంక్రీటు ఆధారాలు అడిగితే స్తంభాలు కాక ఇంకేం వేస్తారు?”

పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“తప్పు నాదని రాస్తే నా ఉద్యోగం పోతుంది,” అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. నవ్వినందుకు నాకే సిగ్గేసింది.

మర్నాడే నోటీసు బోర్డు మీద ఆవిడ సంతకంతో ఉత్తరం: ‘తప్పు విద్యార్థులది కాదు, అనువాదానిది. అనువాదం నాది.’ సున్నాలు పోయాయి, బ్రాంచి నిలిచింది. వారం తిరక్కుండా ఆవిడ ఉద్యోగం ఊడింది. పైవాళ్ళు మాత్రం ఆ ఒక్క ప్రశ్న కొట్టేసి, కొలత పక్కాగా ఉందని ప్రకటించుకున్నారు. మిగతా పదమూడు దేశాల్లో ఏం తూచారో దేవుడికే ఎరుక.

ఆవిడ బస్టాపులో దొరికింది. మళ్ళీ వాన.

“వెక్కిరించడానికొచ్చారా?”

“కాదండీ. ఆ ఉత్తరం చదివినప్పట్నుంచీ మీరంటే నాకు ఇష్టం. పెళ్ళి చేసుకుందామా?”

“కాంక్రీటు ఆధారాలున్నాయా?”

జేబులోంచి కాగితం తీశాను. వారం నుంచి గీస్తున్న రెండు గదుల ఇంటి ప్లాను. పన్నెండు స్తంభాలు.

ఎర్రపెన్ను తీసింది. “వంటగదికి కిటికీ మరిచారు. పదికి ఆరు.”

“పాసేనా?”

“కిటికీ గీశాక చెబుతా,” అని గొడుగు నా వైపు వంచింది.