తోకలో సీసం ముద్ద

"ఒక విమానం కూలబోతోంది," అన్నాడు చీఫ్, పెన్ను మూతతో చెవిలో తిప్పుకుంటూ.

ఇస్త్రీ దుకాణం వెనక గది. అదే డిపార్ట్‌మెంట్ రహస్య కార్యాలయం. మాడిన కాలర్ల వాసన, చీఫ్ తిని వదిలేసిన ప్లేటు చుట్టూ ఈగలు. చీఫ్ కుర్చీ చూపించినా ఏజెంటు కూర్చోలేదు. దాని మీది మరక దేనిదో తెలుసుకోవాలని అతనికి లేదు. అస్తమానం చేతులు కడుక్కుంటాడని డిపార్ట్‌మెంట్‌లో అతనికి సబ్బుబిళ్ల అని పేరు. పని మాత్రం ఎప్పుడూ బురదలోనే తగులుతుంది.

"ఎంత విమానం సార్?"

"బుల్లిది. ఇద్దరు పడతారు. ముక్కలు పెట్టెల్లో పెట్టి అమ్ముతారు, కొన్నవాడు ఇంట్లో బిగించుకుని ఎగురుతాడు. కిట్ ప్లేన్. డిజైన్ చేసింది ఒక పెద్దాయన. టెస్ట్ పైలట్ ఆయన కూతురే."

"దాంతో ఎవరికేం పని?"

చీఫ్ మూత బయటికి తీసి దాని కొసని శ్రద్ధగా చూసుకున్నాడు. "కిందుగా, నెమ్మదిగా పోతుంది. రాడార్‌కి సరిగా ఆనదు. పెట్టెల్లో ఏ సరిహద్దయినా దాటించొచ్చు. పైలట్ బదులు సీట్లో బాంబు పెట్టి రిమోట్‌తో పంపితే? ఒక విదేశీ ముఠా డిజైన్ అమ్మమంది. పెద్దాయన గెంటేశాడు. అందుకని ప్రదర్శన రోజున, కూతురు లోపల ఉండగా దాన్ని కూలుస్తారు. కూతురు పోయాక ఆయన దేనిమీదైనా సంతకం పెడతాడు."

సబ్బుబిళ్లకి నోరు చేదెక్కింది. ఈ ఉద్యోగంలో తుపాకులు అలవాటయ్యాయి. తండ్రి ఏడుపుని బేరానికి వాడుకునే ఇలాంటి తెలివితేటలు మాత్రం అలవాటు కాలేదు.

"నువ్వెళ్లి ఎవరెవరు వస్తారో కనిపెట్టి ఉండు. అక్కడ పబ్లిసిటీ చూసే మేడమ్ మన మనిషే. ముఠా ఆవిణ్ణి తమ మనిషనుకుంటోంది. 'వాన పడేట్టుంది' అను. 'గొడుగు మర్చిపోయాను' అంటుంది." చీఫ్ ఆ మూతనే పెన్నుకి తగిలించి ఇచ్చాడు. "ఇందులో రేడియో ఉంది. మూత నోటికి ఆనించి మాట్లాడాలి."

సబ్బుబిళ్ల దాన్ని రుమాలుతో అందుకున్నాడు.

మారువేషం ఇంకా దరిద్రంగా కుదిరింది. రేకుల షెడ్డులో విమానం రెక్కల్ని గరుకు కాగితంతో నున్నగా రుద్దే పని. ఆ ఫైబర్ పొడి మెడలో, చంకల్లో, కనురెప్పల్లో దూరి ఒకటే దురద. తిండిలో కూడా జిగురు కంపే. తండ్రీకూతుళ్లు మాత్రం ఆ కంపులోనే పుట్టినట్టు హాయిగా తిరుగుతూ, రోజంతా బరువు గురించి పోట్లాడుకునేవాళ్లు.

ఇది మూడో నమూనా. మొదటిది ముక్కు బరువెక్కువై లేవడానికి మొరాయించింది. రెండోది స్పీడందుకోగానే తోక రెక్క వణికింది, కూతురు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగింది. అందుకే మూడోదానికి, తోకలో పైకీ కిందకీ కదిలే ఆ రెక్క ముందు కొసన, వణుకు రాకుండా ఒక సీసం ముద్ద బిగించింది.

"పెడళ్లకి కూడా చిల్లులు పొడిచి నేను బరువు తగ్గిస్తుంటే, నువ్వు సీసం మోయిస్తావా?" అనేవాడు తండ్రి.

"అది లేకపోతే తోక ఊడుతుంది నాన్నా. లోపల కూర్చునేది నేను."

"కొంచెం చిన్నది పెట్టొచ్చుగా."

"ఆ పూట నువ్వు టిఫిన్ మానెయ్. సరిపోతుంది."

షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. బోల్టు బిగించినవాళ్లు దాని తల మీంచి పక్క రేకు మీదికి తమ రంగుతో ఒక గీత గీయాలి. బోల్టు కదిలితే గీత తెగి తెలిసిపోతుంది. కూతురి రంగు పసుపు. సీసం బోల్టు దగ్గరికి మోచేతిదాకా చెయ్యి దూర్చి, కంటికి కనపడకుండా తడుముకుంటూ గీయాలి. చూడాలంటే చిన్న అద్దం పెట్టాల్సిందే.

పబ్లిసిటీ మేడమ్ వస్తే ఆవిడకంటే ముందు అత్తరు వచ్చేది. జిగురు కంపూ అత్తరూ కలిసి సబ్బుబిళ్లకి డోకు తెప్పించేవి. ప్రదర్శన ముందు రోజు ఆవిడ ఒక స్టిక్కర్లవాణ్ణి తీసుకొచ్చింది. తండ్రీకూతుళ్లు పెట్రోలు కోసం వెళ్లారు. సబ్బుబిళ్లని అతిథుల కుర్చీలు తుడవమని ఆవిడే బయటికి పంపింది. అతను తిరిగొచ్చేసరికి విమానం ఒంటినిండా ఎర్ర చారలు, ఎక్కడా ఒక్క బుడగ లేదు. స్టిక్కర్లవాడు పనిముట్లు గుడ్డతో తుడిచి సర్దుకుని, సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు. ఈ దిబ్బలో ఒక్క శుభ్రమైన మనిషి దొరికాడని సబ్బుబిళ్ల మనసులోనే మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలే అతన్ని గుడ్డివాణ్ణి చేసింది.

మర్నాడు కొనుగోలుదార్లు కుర్చీల్లో కూర్చున్నారు. కూతురు అద్దం పెట్టి గీత తెగలేదని చూసుకుని, అద్దం సబ్బుబిళ్ల చేతికిచ్చి ఎక్కేసింది. అతను తోక తుడుస్తూ ఊరికే లోపలికి చూశాడు. పసుపు గీత ఉంది. స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది.

విమానం రన్‌వే వైపు కదిలాక గానీ అతనికి వెలగలేదు. అక్కడ తడుముకుంటూ గీసిన గీత తిన్నగా రాదు. ఆ స్టిక్కర్లవాడే రెక్కని విప్పి, బల్లమీద పెట్టి, తీరిగ్గా గీశాడు. పెద్ద ఫ్యాక్టరీలో నేర్చుకున్న చెయ్యి అది. అలాంటి చెయ్యి వంకరగా గియ్యమన్నా గియ్యలేదు.

అతను మేడమ్ దగ్గరికి పరుగెత్తాడు. "వాన పడేట్టుంది."

"గొడుగు మర్చిపోయాను. మెల్లగా మాట్లాడు."

"తోకలో సీసం మార్చేశారు. ఆపండి."

ఆవిడ పెదవుల రంగు సరిచేసుకుంది. "తెలుసు. చీఫ్‌కీ తెలుసు. పడనివ్వమన్నాడు. పడితేనే ముఠా మొత్తం బేరానికి వస్తుంది, అప్పుడు అందర్నీ ఒకేసారి పట్టుకుంటాం."

"లోపల మనిషి ఉంది."

"ఉంటుంది మరి. విమానం కదా."

సబ్బుబిళ్ల ఇన్నేళ్లుగా మురికి అంతా అవతలి పక్షంలో ఉందనుకుని చేతులు కడుక్కున్నాడు. కడుక్కోవాల్సింది ఎక్కడో ఇప్పుడు తెలిసింది. ఛీ అని, వెనక్కి తిరిగి పరుగు తీశాడు.

విమానం రన్‌వే కొసన బ్రేకులు వేసుకుని ఇంజన్ హోరెత్తిస్తోంది. చెయ్యూపినా వెనక ఉన్నవాడు పైలట్‌కి కనపడడు. ప్రొపెల్లర్ గాలి మట్టినంతా అతని నోట్లో కుక్కింది. బ్రేకులు వదిలారు. చక్రాలు దొర్లాయి. అతను ఎగిరి తోకని రెండు చేతులా కావిలించుకుని వేలాడాడు. పెద్దాయన గీకి గీకి బరువు తగ్గించిన విమానం కదా, ఒక్క మనిషి బరువుకే తోక కూలబడి, ముక్కు ఆకాశం చూసింది. కూతురు ఇంజన్ కట్టేసింది.

"పిచ్చిపట్టిందా నీకు?" అంటూ దిగింది.

అతను మట్టి ఉమ్మి, అద్దం చేతికిచ్చాడు. "ఆ గీత నీదేనా అమ్మా?"

చూసింది. రెంచి తెచ్చి ముద్ద విప్పింది. చేతిలో ఎగరేసి పట్టుకుంది. సీసం కాదు, రంగు వేసిన కర్ర. ఆమె మొహం తెల్లబోయింది. ఎదురుగా రొప్పుతూ వచ్చిన తండ్రిని చూసి, "నాన్నా, బరువు కోసం నువ్వే మార్చావా?" అంది.

పెద్దాయన ఆ కర్రముక్కని చూశాడు. రన్‌వే మీదే చతికిలబడిపోయాడు. మార్చింది ఆయన కాదని తెలిసి కూతురు పక్కన కూర్చుని భుజం పట్టుకుంది.

అప్పుడే సబ్బుబిళ్ల జేబులో పెన్ను గరగరలాడింది. "నువ్వు ఆపావని మేడమ్ చెప్పింది. ఎందుకు ఆపావు?" చీఫ్ గొంతు. "పడనివ్వమన్నానుగా. ఒక్క పిల్ల పోతే ఏమవుతుంది?"

తండ్రీకూతుళ్లిద్దరూ విన్నారు. కొనుగోలుదార్లకి కాపలా వచ్చి, గొడవ చూసి అప్పటికే అక్కడికి పరుగెత్తుకొచ్చిన ఇన్‌స్పెక్టరు కూడా విన్నాడు. కారెక్కబోతున్న మేడమ్‌నీ, స్టిక్కర్లవాణ్ణీ గేటు దగ్గరే పట్టుకున్నారు. సాయంత్రానికి ఇస్త్రీ దుకాణం వెనక గదికి తాళం పడింది. ఆ పెన్నుని సబ్బుబిళ్ల సాక్ష్యంగా ఇచ్చి, చేతులు మాత్రం చాలాసేపు కడుక్కున్నాడు.

వారం తిరిగాక అసలు సీసం బిగించి, వంకర గీత గీసి, కూతురు మూడో నమూనాని ఎగరేసింది. రెండో సీట్లో సబ్బుబిళ్లని కూర్చోబెట్టింది. ఫుల్ స్పీడులో కూడా తోక వణకలేదు. పైన గాలికి ఏ వాసనా లేదు. జీవితంలో మొదటిసారి అతను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

దిగడానికి మలుపు తిప్పుతుండగా అతని మొహం వికారంగా మారిపోయింది.

"కడుపులో తిప్పుతోందా?" అంది ఆమె. "కొత్తవాళ్లకి మామూలే."

"విమానానికి కాదమ్మా," అన్నాడు. "కింద చూడు, మా కొత్త చీఫ్ కారు దిగి చెయ్యూపుతున్నాడు."