దేవుని డబ్బా

ఆదివారం పొద్దున్నే హెప్సిబాకు కాళ్లు నేల మీద నిలవడం లేదు. పెళ్లయి మూడు నెలలైనా, స్టీలు గ్లాసు మీద చెక్కించిన "రాకేష్ – హెప్సిబా" అన్న పేర్లు చూస్తే ఆమెకు ఇంకా నవ్వొస్తుంది. రోజూ ఆ గ్లాసులోనే మొగుడికి చాయ్ పోస్తుంది. అతను తాగి పెట్టాక వెంటనే కడగబుద్ధి కాదు.

ఈరోజు చర్చి అయ్యాక పాన్‌గల్‌లోని అమ్మగారింటికి మోపెడ్ మీద తీసుకుపోతానన్నాడు రాకేష్. ఆకుపచ్చ చీర కట్టుకుని, మధ్యాహ్నం వంటకు బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న దేవుని డబ్బాలో వేసింది. వండిన ప్రతిసారీ దేవునికి ఒక పిడికెడు పక్కన పెట్టడం ఆ ఇంటి అలవాటు. వారమంతా చేరిన బియ్యం ఆదివారం చర్చికి పోతుంది. ఆరాధన అయ్యాక, ఎవరిదో చెప్పకుండానే ఒక్కో సంచీ వేలం వేస్తారు. వచ్చిన డబ్బు ముసలివాళ్ల మందులకు. వేలం పాడేది రాకేషే.

"ఇయ్యాల పాన్‌గల్ పోవుడు కాదు," అన్నాడు రాకేష్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "వట్టెంల ఒకరింట్ల ప్రార్థన కూటం పెట్టిండ్రు. నన్ను రమ్మన్నరు."

"పోయిన ఆదివారం గూడ గిట్లనే అంటివి బావా. అమ్మ ఎదురుసూస్తుంటది."

"ఏం జేయాలె మరి? నాయిన నలభై ఏండ్లకే పోయిండు. నాకెంత టైముందో ఎవరికెరుక? ఉన్నన్ని దినాలు దేవుని పనిల పెట్టాలె గద."

గడప దగ్గర ఉల్లిగడ్డలు కోస్తున్న అత్త బుజ్జమ్మ తలెత్తకుండానే అంది. "దేవుని పనికి పొయ్యేటోనికి అడ్డం రాకు బిడ్డా."

అంతే. హెప్సిబా మళ్లీ చాట మీదకు వంగింది.

బిజినేపల్లి రోడ్డు మీద బోరు మోటార్ల వైండింగ్ కొట్టు రాకేష్‌ది. సాయంత్రం కొట్టు మూసి వస్తాడు, చేతులకంటిన వార్నిష్ కడుక్కుంటాడు, నిలబడే చాయ్ తాగి కూటానికి వెళ్లిపోతాడు. "ఎంత భక్తిగల మొగుడు దొరికిండమ్మా!" అంటారు చర్చిలో ఆడవాళ్లు. ఆమె నవ్వి తలూపుతుంది. ఇంకొక ఆడదాని వెంట పోతే జుట్టు పట్టుకుని కొట్లాడొచ్చు. దేవుని వెంట పోయే మొగుడి మీద ఎవరికి చెప్పుకుంటుంది?

చెప్పుకోవాల్సినవి మాత్రం చాలా ఉన్నాయి. పెరట్లో అతను పారేసిన పాత మోటారు డొల్లలో పిచ్చుక గూడు పెట్టింది. పిల్లలు కూడా అయ్యాయి. ఎర్రటి నోళ్లు తెరిచి ఒకటే గోల. చూపించాలని ఎన్ని సాయంత్రాలు అనుకుందో! ప్రతిసారీ మోపెడ్ చప్పుడు సందు చివరికి వెళ్లిపోయేది. చేతి గాజుల చప్పుడు ఆమె ఒక్కదానికే వినిపించేది.

ఏరిన బియ్యం వైపు చూసింది. చాట ఎత్తి చర్చికి తీసుకెళ్లే సంచిలో పోసింది. దేవుని డబ్బా కుమ్మరించింది. ఆ మీద ఇంటి బియ్యం డబ్బా కూడా అడుగుదాకా వంచేసింది.

చర్చిలో రాకేష్ ఆ సంచి రెండు చేతులతో పైకెత్తాడు. "ఎంత బరువుందో సూడుండ్రి! ఎవరో గుండె నిండ ఇచ్చిండ్రు. దేవునికి స్తోత్రం! ఒకటోసారి… రెండోసారి…" బస్టాండు దగ్గర హోటల్ నడిపే వెంకట్రాములు పాట దక్కించుకున్నాడు. రాకేష్ ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు ఇంట్లో ఒక్కనాడూ చూడలేదని ఆడవాళ్ల వరసలో కూర్చున్న హెప్సిబాకు గుర్తొచ్చింది.

ఇంటికి రాగానే రాకేష్ కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. "అన్నం పెట్టు, జల్ది పోవాలె."

"లేదు."

"ఏంది లేదు?"

"బియ్యమే లేవు. అన్ని దేవునికిచ్చిన. నువ్వే గద వేలం పాడినవ్."

రాకేష్ లేచి డబ్బా మూత తీసి చూశాడు. "నీకేమన్న పిచ్చా పిల్లా? దేవునికి పిడికెడు తీసి పెట్టమంటరు గని, ఇంట్లోళ్లను పస్తులుంచమంటరా?"

"నీ పొద్దంత నువ్వు గట్లనే ఇచ్చుకుంట పోతున్నవ్ గద బావా. ఇంట్ల నాకు పిడికెడన్న మిగిల్చినవా?"

"దేవునితోటి పోటీ పెట్టుకుంటవా?"

"పోటీ ఏం లేదు. దేవుడే నిన్ను నాకిచ్చిండని పెండ్లినాడు అందరి ముందట అంటివి. ఆయనిచ్చినదాన్ని మూలకు వడేసి ఆయన కోసం ఊర్లు తిరుగుతుంటే, ఆయనకు మంచిగనిపిస్తదా?"

రాకేష్ తల్లి వైపు చూశాడు, పొద్దుటిలాగే తన వైపు మాట్లాడుతుందని. బుజ్జమ్మ కత్తిపీట పక్కకు జరిపింది.

"మీ నాయిన గూడ గిట్లనే ఉరికిండు కొడుకా. మట్టి పనికి పూనా పొయ్యేటోడు. ఇల్లు గట్టాలె, నిన్ను సదివియ్యాలె అనేటోడు. జరసేపు కూసోరాదయ్యా అంటే, పనులన్ని అయినంక తీరుబాటుగ కూసుందాం అనేటోడు. ఇల్లయింది. నువ్వు సదివినవ్. మనిషి పోయిండు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "చారుల పులుపు ఎక్కువుంటే ఇష్టమో, తక్కువుంటే ఇష్టమో, ఇప్పటికీ నాకు తెల్వదు."

"నాయినకు దినాలు తక్కువైనయనే గదమ్మా నేను ఉరుకుతున్న."

"దినాలు తక్కువైనందుకు కాదురా నేనేడ్సింది. ఆ దినాలల్ల నేను లేనందుకు."

బుజ్జమ్మ లేచి జొన్నపిండి కలిపి రొట్టెలు తట్టసాగింది. ఆ చప్పుడు మధ్యలో రాకేష్ సెల్‌ఫోన్ తీశాడు. "శాంతయ్యన్నా, వందనాలు. ఇయ్యాల కూటం నువ్వు నడిపియ్యి. నా పానం మంచిగనే ఉంది. ఇంట్ల పనుంది." ఒక క్షణం ఆగాడు. "అది గూడ ఆయన పనే అన్నా."

రొట్టె, ఉల్లికారం తిన్నాక అతను హెప్సిబా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "నాకేమన్న చెప్పాలనుకున్నవా? గిన్ని దినాలల్ల?"

ఆమె కళ్లు మెరిశాయి. చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. "మాట్లాడకు, బెదురుతయి," అంటూ తుప్పు పట్టిన మోటారు డొల్ల ముందు కూర్చోబెట్టింది. ఇద్దరూ వంగి చూశారు.

గూట్లో రెండు ఈకలున్నాయి. పిల్లలు లేవు. ఎగిరిపోయాయి.

"నిన్నటిదాక ఉండె బావా," అంది హెప్సిబా చిన్న గొంతుతో. "ఎర్రటి నోళ్లు… ఒకటే లొల్లి."

రాకేష్ ఆ ఖాళీ గూటిలోకి అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. అతని చెంపల మీద నీళ్లు జారాయి. తుడుచుకోలేదు.

"మల్ల గూడు పెడ్తయా?"

"పెడ్తయి. అప్పటికి నువ్వు ఇంట్ల ఉంటవా?"

"ఉంట," అన్నాడు. కాసేపటికి డొల్లను కదలకుండా రెండు ఇటుకలు అడ్డం పెట్టి లేచాడు. "బుధవారం కూటానికి నువ్వు గూడ రా. పాట నువ్వే ఎత్తుకోవాలె. ఇప్పుడైతే పా, పొద్దింకా ఉంది. పాన్‌గల్ పోదాం."