అయిదు గుంజీలు

నలభై మూడో చెవి దగ్గర కర్ణదర్శిని ఎర్రదీపం వెలిగించింది. సాక్షి వైద్యురాలు హైమవతి 'సమ్మతం' మీట మీదికి బొటనవేలు తీసుకెళ్లింది. పులికాట్ ఊర్ధ్వరేవులో, ఆకాశానికెళ్లే ప్రయాణికుల చెవుల తనిఖీ దగ్గర, ఆరేళ్లుగా ఆమె పని అదే. చెవిని చూసేది యంత్రం, తీర్పు చెప్పేది యంత్రం. చట్టానికి మాత్రం ఒక మనిషి వేలు కావాలి. పక్కనున్న 'అసమ్మతం' మీట మీద కొత్తలో అంటించిన ప్లాస్టిక్ పొర ఇంకా ఊడలేదు.

ఎడమ మధ్యచెవిలో చీము ఉండే అవకాశం, నూటికి అరవై ఒక్క పాళ్లు. పద్నాలుగు రోజులు ప్రయాణ నిషేధం.

ఆ చెవి మొక్కల వ్యాపారి మద్ది పాండురంగానిది. చంద్రుడి మీది కాలనీకి మూడొందల మామిడి అంట్లు తడినాచులో చుట్టి తెచ్చాడు. ఆ తడి నాలుగు రోజులకు మించి నిలవదు. తోడు మనిషి లేకుండా మొక్కల్ని ఊర్ధ్వబండి ఎక్కనివ్వరు. అయినా అతను కేకలు వేయలేదు, బేరం తెలిసినవాడు.

"మరి ఆ మిగతా ముప్పై తొమ్మిది పాళ్లు ఎవరివి మేడమ్?" అన్నాడు.

హైమవతి వేలు ఆగింది. చెవి దారి వాచి మూసుకుపోయింది. కర్ణభేరి కనబడనే లేదు. యంత్రం చెప్పింది ఊహ. భేరి వెనక చీముంటే పైకెళ్లేటప్పుడు గాలి ఒత్తిడికి అది చిరుగుతుంది, కాబట్టి ఆపాల్సిందే. వాచింది బయటి దారి ఒక్కటే అయితే చుక్కలమందు చాలు. తేడా తేల్చడానికి పాత వైద్యులు చెవి పట్టుకుని లాగేవారు. లాగితే ప్రాణం పోయినట్టుంటే జబ్బు బయటిదే. కానీ ఇప్పుడు స్పర్శనిషేధం. సాక్షి వేలు రోగికి తగిలితే యంత్రమే కేసు రాస్తుంది.

చెవిలో ఏదైనా పరికరం పెట్టారా అని యంత్రం అడిగిన ప్రశ్ననే ఆమె మళ్లీ అడిగింది. లేదన్నాడు.

"అయితే గుంజీలు తీయండి. అయిదు. చెవులు గట్టిగా లాగి పట్టుకోండి."

"నాకు యాభై ఎనిమిదేళ్లు మేడమ్."

"మీ చెవికీ అంతే గదా."

వరుసలో పదకొండు మంది చూస్తుండగా పాండురంగం చేతులు అడ్డం మార్చి చెవులు పట్టుకున్నాడు. మొదటిదానికి సగం వంగేసరికి "అమ్మా" అని ఎడమచెవి వదిలేశాడు.

"మిగతా నాలుగూ మాఫీ. ఇప్పుడు చెప్పండి, ఏం పెట్టారు?"

అతను జేబులోంచి బండి తాళం తీశాడు. "దురద మేడమ్. ఏదన్నా పరికరం పెట్టావా అని అడిగింది మీ యంత్రం. ఇది పరికరమా ఏంది?"

ఆమె ప్లాస్టిక్ పొర పీకి 'అసమ్మతం' నొక్కింది. పరీక్ష పేరు చెప్పమంది తెర. గుంజీలు అని కొట్టింది. యంత్రం వైద్యగ్రంథాలన్నీ వెతికి, చివరికి బడుల శిక్షల పట్టికలో కనుక్కుంది.

నిషిద్ధ శిక్ష. శిక్షకు కారణం?

హైమవతి తాళం వైపు చూసి కొట్టింది: చెవిలో బండి తాళం తిప్పాడు.

రేవులోని పన్నెండు వరుసలూ ఆగిపోయాయి. మూడు నిమిషాలకు తెర మీద 'కారణం సబబు' అని వచ్చింది. దీపం పచ్చబడింది, గేటు తెరుచుకుంది. పాండురంగం ఆమె ఇచ్చిన చుక్కలమందు సీసా జేబులో వేసుకుని, అంట్ల పెట్టెను రెండు చేతులా పొదివి పట్టుకుని బండెక్కాడు.

తరవాతి ఆవిడ కుర్చీలో కూర్చోబోయి ఆగింది. గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె వెనకాయన జేబు తడుముకుని అగ్గిపుల్ల తీశాడు.