అంజీర్ పచ్చడికి పదో పళ్లెం

ఆగండి, ఆగండి! చేతిలో ముద్ద అలాగే ఉంచి, ముందు ఇది వినండి.

ఆ ఉదయం అనంతపురంలో వకుళ టిఫిన్ బండి దగ్గర తొమ్మిది రుచిపళ్లేలు వరసగా ఆకుపచ్చగా వెలిగాయి! ఆమె అంజీర్ పచ్చడికి అది పరీక్ష మరి. ఆ కాలంలో దేనిలోకి ఏది నంజుకోవాలో పళ్లెమే చెబుతుంది. తినేవాళ్ల వేళ్ల నాడి, కంటి తడి చూసుకుని, నచ్చితే ఆకుపచ్చ, నచ్చకపోతే ఎరుపు. పదికి పది ఆకుపచ్చలు వస్తేనే కొత్త పచ్చడి అమ్మనిస్తారు. ఒక్క ఎరుపు పడిందా, ఊళ్లో ఎవరూ దాన్ని వండకూడదు.

దోసెతో పచ్చ! జొన్నరొట్టెతో పచ్చ! పెరుగన్నంలో నంజుకున్నా పచ్చే! పెద్ద హోటల్ వంటాయన కాల్చిన చీజ్ ముక్క మీద కాస్త రాసుకుని, "ఇన్నాళ్లూ యాడ దాచిపెట్టినావమ్మా దీన్ని?" అన్నాడు. అదీ పచ్చే!

పదో మనిషి ఓబులేసు. లారీలు తమంతట తాము నడవడం మొదలెట్టాక స్టీరింగ్ వదిలేసిన డ్రైవరు.

"నాకు సంగటిలోకి వెయ్ పాపా. చీజూ గీజూ మనకొద్దు."

వేడి రాగిసంగటి, మీద నెయ్యి, పక్కన నల్లగా మెరిసే పచ్చడి. ఓబులేసు ఒక్క ముద్ద మింగి ఆగిపోయాడు. బొటబొటా కన్నీళ్లు!

"కారమైందా మామా?"

"కారం గాదు పాపా. మా అక్క రామక్క అచ్చం ఇట్లే చేస్తాండె. ఇంతే బెల్లం, ఇంతే మిరపకాయ. ఆయమ్మ పోయి ఆరేండ్లాయె."

పళ్లెం అంచు ఎర్రబడుతోంది. కన్నీళ్లంటే దానికి ఒకటే అర్థం, నచ్చలేదని. ఇలాంటి ఏడుపు కూడా ఉంటుందని దాన్ని చేసినవాళ్లకు తట్టనేలేదు!

"ఇంకో ముద్ద తింటే ఎరుపు ఖాయం," అంది పళ్లెం, వకుళకు మాత్రమే వినిపించేలా. "ఇప్పుడే నన్ను తీసేస్తే ఇది లెక్కలోకి రాదు. వేరే మనిషిని కూర్చోబెట్టుకోవచ్చు. కానీ ఈయనకు ఈ పచ్చడి పడదని రాసుకుంటాను. ఇక ఎవరూ పెట్టరు."

తినే మనిషి ముందు నుంచి కంచం లాగడమా! వకుళ ఒక చెయ్యి పళ్లెం అంచు మీద, ఇంకో చెయ్యి గరిటె మీద. రెండేళ్లుగా ఆ పచ్చడి కోసం కాల్చుకున్న వేళ్లు అవి.

ఓబులేసు ముక్కు తుడుచుకుని, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఇంగొంచెం వెయ్ పాపా."

వకుళ చోట మీరుంటే ఏం చేస్తారు?