అత్తగారి లెన్సు

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లెవరికైనా తెలుసు, ఆయన ముందు మనకి మాట్లాడే అవకాశం ఉండదని. మన నోట్లో ఆయన చెయ్యి ఉంటుంది, మాటలన్నీ ఆయనవే. అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున్న డిటెక్టివ్ మేడమ్ ఆఫీసులో కుర్చీ అంచున కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గుటకలు మింగుతున్నాడు. ఆయన చేత ఒకప్పుడు పన్ను పీకించుకున్న మాస్టారు ఆ దృశ్యం చూసి లోలోపల కాస్త సంతోషించాడు. చెప్పకూడదు గానీ, ఎవరికైనా అలాగే ఉంటుంది.

మేడమ్ ఇన్సూరెన్సు కంపెనీలో ఏళ్ల తరబడి దొంగ క్లెయిములు పట్టుకుని, విసుగెత్తి, డ్రైక్లీనింగ్ షాపు పై గదిలో సొంత బోర్డు పెట్టుకుంది. మాస్టారు రిటైరైన డ్రాయింగ్ టీచరు. కూతురి వయసున్న ఆమె దగ్గర అసిస్టెంటుగా చేరాక పదేళ్లు చిన్నవాడయ్యాడు. ఆమె తుమ్మినా అందులో ఏదో తర్కం ఉంటుందని ఆయన గట్టి నమ్మకం.

"నిదానంగా చెప్పండి డాక్టరుగారూ," అంది మేడమ్.

"లెన్సు పోయిందండీ. పోయిందంటే, ఉంది. కానీ అది ఇది కాదు."

"ఏది ఏది కాదు?"

డాక్టరు మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన మామగారు బతికున్నంత కాలం ఒకే ఒక్క పాత లెన్సుతో ఫోటోలు తీశారు. మొహాల ఫోటోలకి దాన్ని మించింది లేదని పేరు. ఆయన పోయాక అత్తగారు ఆ లెన్సుని అల్లుడికి ఇవ్వలేదు. నలుగురు సభ్యులున్న ఫోటో క్లబ్బుకి ఇచ్చేసింది. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో నెల ఉండాలి, నెలాఖరుకి తీసిన ఫోటోలు తెచ్చి ఆవిడకి చూపించాలి, ఆ తర్వాతే పక్కవాళ్లకి అప్పగించాలి. ఇదీ ఆవిడ పెట్టిన షరతు.

"అది నాకే వస్తుందనుకున్నాను. రాలేదని అలిగాను. నేను అలగడం అందరూ చూశారు. ఇప్పుడు అదే నా మెడకి చుట్టుకుంది," అన్నాడు డాక్టరు. "మొదటి నెల గడియారాల షాపాయన, తర్వాత బేకరీ ఆయన, ఆ తర్వాత లైబ్రేరియన్‌గారు, ఆఖర్న నేను. నా నెల అయ్యాక మళ్లీ గడియారాల ఆయనకి ఇచ్చాను. ఇది అసలు లెన్సు కాదు, ఎవరో మార్చేశారు అన్నాడాయన. నా చేతిలోంచే వెళ్లింది కాబట్టి దొంగని నేనే!"

"ఇంట్లో ఏమంటున్నారు?"

"మా ఆవిడ మూతి ముడుచుకుని వాళ్లమ్మ దగ్గరికెళ్లి కూర్చుంది. మా అత్తగారైతే, నేను కట్టిన పళ్లు పెట్టుకునే నన్ను నానా మాటలూ అందండీ!" డాక్టరు గ్లాసు బల్ల మీద పెట్టాడు. "సాయంత్రం అక్కడే క్లబ్బు మీటింగు. నన్ను తీసేస్తారు. క్లబ్బు పోతే పోనివ్వండి. ఆవిడ ఇన్నాళ్లూ నన్ను అల్లుడిలా కాదు, కొడుకులా చూసుకుంది. రేపట్నుంచి ఆ గుమ్మం ఎలా తొక్కను?"

మేడమ్ లేచి సంచీ భుజాన వేసుకుంది. "సాయంత్రం దాకా టైముంది కదా. మీరు ఇంటికెళ్లి కాస్త అన్నం తినండి."

గడియారాల షాపాయన నుదుటి మీదికి భూతద్దం నెట్టుకుని, లెన్సుని మెత్తటి గుడ్డ మీద పెట్టాడు. మనిషి గడియారం ముల్లు లాంటివాడే. సన్నం, నిటారు, ఎదుటివాడి కోసం ఆగడం తెలియదు.

"అల్లుడి పనే. అందులో అనుమానం లేదు," అన్నాడు.

"అనుమానం నాకుందండీ. ముందు లెన్సు సంగతి చెప్పండి."

"ఈ ముందున్న రింగు అసలుదే. ఇదిగో, పెద్దాయన సూదితో గీసుకున్న చుక్క గుర్తు. లోపలి సరుకు మాత్రం వేరు. అదే కంపెనీ తర్వాత చవగ్గా చేసిన రకం. పైకి రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. రింగు ఊడదీసి దీనికి తగిలించారు."

"మీకెలా తెలిసింది?"

ఆయన లెన్సుని వెలుతురుకి ఎత్తి పక్కనున్న వలయం తిప్పాడు. లోపల నల్లటి సన్నని రేకులు ఒకదాని మీదికొకటి జరిగి, మధ్యలో కంత చిన్నదైంది. "పూర్తిగా తెరిస్తే ఈ రేకులు పక్కకి తప్పుకుంటాయి. ఫోటోలో వెనకాల దీపాలు గుండ్రంగా పడతాయి. ఇలా మూస్తే కంత ఏ ఆకారంలో ఉంటే దీపాలు ఆ ఆకారంలో పడతాయి. అసలు లెన్సుకి పది రేకులు, కాబట్టి మూసినా దాదాపు గుండ్రమే. దీనికి ఆరే. మూలలు తెలిసిపోతాయి. నేను గడియారం ఫోటో కోసం మూశాను, పట్టుకున్నాను."

"మరి మిగతా ముగ్గురూ చూడలేదా?"

"అసలు మూసేదెవరండీ? ఇలాంటి లెన్సు చేతికొస్తే పూర్తిగా తెరిచెయ్యడమే. కళ్లు మాత్రం తేటగా, వెనకంతా మసగ్గా రావాలి. అదీ మా అందరి యావ. మూసి తీస్తే ముందూ వెనకా అన్నీ తేటగానే వస్తాయి, ఆ మాత్రానికి ఈ లెన్సెందుకని నవ్వుతారు."

మేడమ్ తన భూతద్దంతో రింగుని చూసింది. దాని రెండువైపులా చిన్న గాట్లున్నాయి. "దీన్ని ఎలా ఊడదీస్తారు?"

"నేనైతే ఈ గాట్లలో పనిముట్టు మొనలు పెట్టి తిప్పుతాను."

"గాట్లలో ఒక్క గీత కూడా లేదే?"

"రబ్బరు అదిమిపెట్టి తిప్పినా వస్తుంది. పళ్ల డాక్టరు దగ్గర రబ్బరు గ్లవ్సులకి కొదవా?" అన్నాడాయన, కేసు తేల్చేసినట్టు.

రోడ్డు మీదికి రాగానే మాస్టారు ఆగలేకపోయాడు. "మేడమ్, నాకు ఈయన మీదే అనుమానంగా ఉంది. పనితనమంతా ఈయన చేతిలోనే ఉంది. తనే మార్చి తనే గోల చేస్తున్నాడేమో!"

"మార్చినవాడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేదే కాదు కదా మాస్టారూ. గోల చేసి ఏం బావుకుంటాడు?"

మాస్టారు ఆ ముక్క తనకెందుకు తట్టలేదా అని వీధి చివరిదాకా మథనపడ్డాడు.

లైబ్రేరియన్‌గారు ఇంట్లో కూడా గుసగుసగానే మాట్లాడుతుందని ప్రతీతి. ఆవిడ తన నెలలో తీసిన ఫోటోలు లైబ్రరీ టేబుల్ మీద పరిచింది. అన్నీ మొహాలే, వెనకంతా మసకే. నోటీసుబోర్డు మీద మాత్రం ఒక గ్రూపు ఫోటో ఉంది. లైబ్రరీ సిబ్బంది మెట్ల మీద మూడు వరసల్లో నిలబడ్డారు.

"ఇందులో అందరూ తేటగా పడ్డారే," అంది మేడమ్.

"వెనక వరసలో మా అటెండరు ఉన్నాడండీ. రిటైరవుతున్నాడు. ఫోటో ఆయన కోసమే. ఆయనే మసగ్గా పడితే ఏం బాగుంటుంది? అందుకని క్లబ్బు లెన్సు రేకులు మూశాను. మీరు క్లబ్బులో చెప్పకండి, వెక్కిరిస్తారు."

మాస్టారు దగ్గరికెళ్లి చూశాడు. వాళ్ల వెనకాల దూరంగా ఉన్న గోడకి చిన్న దీపాల తోరణం ఉంది. "దీపాలు భలే పడ్డాయమ్మా. తేనెపట్టు గదుల్లా ఉన్నాయి!" అన్నాడు మెచ్చుకోలుగా.

"అవునండీ, నాకూ నచ్చాయి," అంది ఆవిడ. మేడమ్ మాస్టారు వైపు చూసి చిన్నగా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆయనకి అర్థం కాలేదు గానీ ఒళ్లు పులకరించింది.

బేకరీ ఆయన బొద్దుగా ఉంటాడు, మాటల పుట్ట. ఆ రోజు మాత్రం మాట తక్కువ, చెమట ఎక్కువ. గోడ నిండా కేకుల ఫోటోలు అంటించి ఉన్నాయి.

"ఇవన్నీ క్లబ్బు లెన్సుతో తీసినవేనా?" అడిగింది మేడమ్.

"పైవరస, కిందివరస, రెండూ నా నెలలోవేనండీ. పైవి ముందు, కిందివి తర్వాత."

పైవరసలో కేకులు ముందు అంచు నుంచి వెనక అంచు దాకా నిగనిగలాడుతున్నాయి. వెనకాల వెలిగించిన కొవ్వొత్తులు గుండ్రంగా పడ్డాయి. కిందివరస చూసి మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఇదేంటి, ఇందులో చెర్రీ పండు ఒక్కటే కనిపిస్తోంది? మిగతా కేకంతా పొగమంచులో ఉంది."

"అది ఆర్టు మాస్టారూ," అన్నాడు బేకరీ ఆయన.

"ఆర్టో గీర్టో," అంది గల్లా దగ్గర్నుంచి ఆయన భార్య. "కొనేవాళ్లు కేకెక్కడుందని నన్నడుగుతున్నారు. అంతకుముందు లక్షణంగా తీసేవాడు. నడిమధ్యలో ఏం పురుగు కుట్టిందో!"

మేడమ్ ఒక జామ్ సీసా కొని మూత తీసి ఇమ్మంది. అది బిగుసుకుపోయింది. బేకరీ ఆయన అలవాటు కొద్దీ గల్లా కింద నుంచి గుండ్రటి రబ్బరు ముక్క తీసి, మూత మీద అదిమి, ఒక్క తిప్పు తిప్పాడు. మూత చటుక్కున ఊడొచ్చింది.

"థాంక్సండీ," అంది మేడమ్. "సాయంత్రం మీటింగుకి తప్పకుండా రండి."

అత్తగారి ముందు గదిలో అందరూ చేరారు. అత్తగారు పెద్ద కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. ఆవిడ పక్కన డాక్టరు భార్య, మొగుడి వైపు చూడకుండా. డాక్టరు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"అమ్మా, మీ అల్లుడుగారు దొంగ కాదు," అంది మేడమ్ మొదటి మాటగా. "మిగతాది తర్వాత చెప్తాను. ముందు ఆయన్ని కూర్చోనివ్వండి."

డాక్టరు భార్య లేచి తన కుర్చీ మొగుడి వైపు జరిపింది. ఆయన కూర్చోలేదు, దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

మేడమ్ లైబ్రేరియన్ గ్రూపు ఫోటోని టేబుల్ మీద పెట్టింది. "ఈ దీపాల్ని చూడండి. తేనెపట్టు గదుల్లా ఉన్నాయని మాస్టారు అన్నారు. తేనెపట్టు గదికి మూలలెన్ని? ఆరు. అంటే ఈ ఫోటో తీసేనాటికే లోపల ఆరు రేకుల లెన్సు ఉంది. అప్పటికి డాక్టరుగారి చేతికి అది ఇంకా రానేలేదు."

మాస్టారు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. లైబ్రేరియన్ మొహం మాత్రం పాలిపోయింది. "అయ్యో, అయితే నేనా?"

"మీరు కాదు. మార్చినవాళ్లు ఆ మూలల్ని దాచుకుంటారు గానీ తీసుకెళ్లి నోటీసుబోర్డుకి అంటించరు. దాచుకున్న మనిషి వేరే ఉన్నారు. కేకు మొత్తం కనిపించేలా రేకులు మూసి తీసే మనిషి, నెల మధ్యలో ఉన్నట్టుండి పూర్తిగా తెరిచి చెర్రీపండు ఒక్కటే తియ్యడం మొదలుపెట్టారు. సొంత భార్య తిడుతున్నా మానలేదు. ఎందుకు? మూస్తే దీపాలకి మూలలొస్తాయి కాబట్టి. ఆ రింగు మీద గీత పడకుండా ఊడదియ్యడానికి జామ్ సీసాల రబ్బరు ముక్క చాలు."

గదిలో అందరి తలలూ ఒక్క వైపే తిరిగాయి. బేకరీ ఆయన లేచి నిలబడ్డాడు. చేతిలో ఉన్న కేకు డబ్బాని అత్తగారి ముందు పెట్టాడు. అది తినడానికేమో అని అందరూ అంతసేపూ అనుకున్నారు. మూత తీస్తే, దూదిలో పసిబిడ్డలా పడుకుని ఉంది అసలు లెన్సు. ముందు అద్దం అడ్డంగా పగిలింది.

"బల్ల మీంచి జారిందండీ," అన్నాడాయన, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే. "పెద్దాయన ప్రాణం పెట్టుకున్న వస్తువు. మీకు ఏ మొహంతో చెప్పను? అలాంటిదే వెతికి తెచ్చి రింగు మార్చాను. డాక్టరుగారి మీదికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. వచ్చాక చెప్పాలని రోజూ ఈ డబ్బా తీసేవాణ్ణి, మళ్లీ పెట్టేసేవాణ్ణి. ఇవాళ మేడమ్ జామ్ కొన్నప్పుడే తెలిసిపోయింది, ఇక దాచలేనని."

"నీ వల్లా నేను వారం రోజులుగా..." అని డాక్టరు ముందుకి ఒక అడుగు వేశాడు గానీ, బేకరీ ఆయన ఏడుస్తుండటం చూసి ఆగిపోయాడు.

అత్తగారు పగిలిన లెన్సుని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తడిమింది. ఆ తర్వాత తలెత్తి గడియారాల ఆయన వైపు చూసింది. "ఏమయ్యా, ఈ మధ్య నెలనెలా మీరు నాకు ఫోటోలు చూపించారు కదా. ప్రతి ఒక్కరూ ఏమన్నారు?"

గడియారాల ఆయన లైబ్రేరియన్ వైపు చూశాడు.

"అంతా ఈ లెన్సు మహిమే అన్నారు! లైబ్రేరియనమ్మా, వేరే లెన్సయితే ఆ మొహంలో అంత కళ వచ్చేదే కాదన్నావు. మా అల్లుడైతే ఆ ఫోటో చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అన్నీ ఆ చవక లెన్సువేనా?" ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది. ముందు మాస్టారు, ఆపైన అందరూ ఒకళ్ల తర్వాత ఒకళ్లు ఆ నవ్వులో పడిపోయారు. గడియారాల ఆయన కూడా ముసిముసిగా నవ్వి, వెంటనే సర్దుకున్నాడు.

నవ్వు తగ్గాక ఆవిడ అల్లుడి వైపు తిరిగింది. "నీకెందుకివ్వలేదో తెలుసా? నీకిస్తే బీరువాలో పెట్టి తాళం వేసేవాడివి. అద్దానికి బూజు పట్టేది. నలుగురి చేతుల్లో తిరగాలని వీళ్లకిచ్చాను. తిరిగింది, పగిలింది. దానికి నాకు బాధే గానీ కోపం లేదు. నిన్నన్న మాటలకి మాత్రం నాకు సిగ్గుగా ఉంది నాన్నా. లోపలికి రా."

డాక్టరు వచ్చి ఆవిడ కుర్చీ పక్కన నేల మీదే కూర్చున్నాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసింది. డాక్టరు భార్య కళ్లు తుడుచుకుంటూ, "పొద్దున్న అన్నమైనా తిన్నారా లేదా?" అని కసిరింది.

"ఇప్పుడు నా ఫోటో తియ్యి," అంది అత్తగారు.

ఆవిడ పెళ్లినాటి నుంచి ఒక్క ఫోటోకి కూడా సరిగ్గా దొరకలేదని అందరికీ తెలుసు. వంకర పళ్లు కనిపిస్తాయని ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టుకునేది. అల్లుడు పళ్లు కట్టాక కూడా ఆ అలవాటు పోలేదు. మొగుడు అందరి మొహాలూ తీశాడు గానీ ఆవిడ నవ్వు ఒక్కటీ తియ్యలేకపోయాడు.

డాక్టరు కెమేరాకి ఆ చవక లెన్సే తగిలించాడు. "తెరిచి తియ్యమంటారా అత్తయ్యా? మీ మొహం ఒక్కటే తేటగా వస్తుంది."

"నేనొక్కదాన్నే ఎందుకురా? అందరూ రండి. బేకరీ అబ్బాయీ, నువ్వు నా పక్కకి రా, వెనక దాక్కోకు. డిటెక్టివమ్మా, నువ్వూనూ. అందరం తేటగా పడాలి."

డాక్టరు వలయం తిప్పి రేకులు మూశాడు. టైమర్ నొక్కి పరిగెత్తుకొచ్చి కూర్చున్నాడు. కెమేరా మీది ఎర్రదీపం మిణుకుమంటుండగా అత్తగారి చెయ్యి అలవాటుగా నోటి దాకా లేచింది. అల్లుడు ఆ చేతిని అందుకుని తన చేతిలో పెట్టుకున్నాడు.

ఆ ఫోటో ఇప్పుడు క్లబ్బు గోడ మీద ఉంది. అత్తగారు అల్లుడు కట్టిన పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. వెనకాల కిటికీ అవతల దూరంగా వెలిగే దీపానికి ఆరు మూలలున్నాయి, మాస్టారు వచ్చినవాళ్లందరికీ ముందు అవే చూపిస్తాడు.