అమావాస్య పడవలో ఒక్క సీటు

“మీ పేరు ఇవాళ్టి లిస్టులో లేదు మేడంగారండి.”

కాఫీ కలపబోతున్న లలితాంబ చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది. ఆదివారం ఉదయం ఏడుంపావు. స్టవ్ మీద పాలు గిన్నె అంచుదాకా వచ్చాయి. ఆమె వాటిని చూడటం లేదు.

“లేకపోవడమేంటి ఏసుబాబూ? నెలకిందటే బుక్ చేశాను. ఒక్క మనిషి, అమావాస్య, రాత్రి ఎనిమిదింటికి పడవ. ఖాయమని నువ్వే కదా మెసేజ్ పెట్టావు?”

“పెట్టానండి. నిన్న సాయంత్రం మీవాళ్ళే మార్పించారు గదండి, వచ్చే పౌర్ణమికి, వెన్నెల టూర్లోకి. మీ సీటు విజయవాడ వాళ్ళకి ఇచ్చేశాను. మర్చిపోయి ఇవాళ బయల్దేరతారేమో, తెనాలి నుంచి అంత దూరం దండగని ఫోన్ చేశా.”

“మావాళ్ళా? ఎవరు?”

“పేరు చెప్పలేదండి. మగమనిషి గొంతు. మీ ఫోనుకొచ్చిన ఆరంకెల నంబరు కూడా కరెక్టుగా చెప్పారు.”

పాలు బుసబుసా పొంగి గట్టంతా పారాయి.

“అత్తయ్యా, పాలు!” కోడలు హరిత పరుగున వచ్చి స్టవ్ కట్టేసింది. “ఏంటండీ, ఎదురుగా నిలబడి కూడా... ఎవరు ఫోన్లో?”

లలితాంబ ఫోన్ పెట్టేసింది. ఆ చేతిని కొంగుతో తుడుచుకుంది. చేతికి తడి లేదు.

“దొంగ దొరికాక చెబుతాను,” అంది.

అడవులదీవి ఊరు దాటాక, మడచెట్ల మధ్య పారే ఉప్పుకాలవల్లో రాత్రిపూట కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ మీద తిప్పే టూరు అది. తెడ్డు ముంచితే నీళ్ళు నీలంగా వెలుగుతాయి. చెయ్యి ముంచితే వేళ్ళ చుట్టూ వెలుగుతాయి. ఆ నీళ్ళలో బతికే సూదిమొనంత జీవులు, కదిపితే చాలు, మెరుస్తాయి. ఏసుబాబు వాళ్ళు రెండు రకాల టూర్లు వేస్తారు. చీకటి రాత్రుల్లో వెలుగు టూరు, పున్నమికి వెన్నెల టూరు. లలితాంబ నాలుగు సాయంత్రాలు కూర్చుని, ఫోటోలు చూసి, తిథులు లెక్కగట్టి మరీ వెలుగు టూరు ఎంచుకుంది. అందులోనూ అమావాస్యే కావాలంది. వెన్నెల ఉంటే ఆ వెలుగు కంటికి ఆనదు.

బాపట్లలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఆమె జువాలజీ చెప్పింది. ఆ జీవి బొమ్మను ఏటా బోర్డు మీద గీసింది. “మేడం, మా వైపు రాత్రిళ్ళు వల లాగితే నీళ్ళు అంటుకున్నట్టుంటాయండి” అని ఒక జాలరిపిల్ల లేచి చెబితే, “అది ఇదేనమ్మా, కూర్చో” అని దాని లాటిన్ పేరు రాయించింది. తను మాత్రం ఒక్కసారీ చూడలేదు. రిటైరయ్యాక చూడొచ్చులే అనుకుంది.

రిటైరయ్యాక కళ్ళకు వచ్చింది నీటికాసుల జబ్బు, గ్లకోమా.

“పగటి చూపుకి ఇప్పట్లో ఢోకా లేదమ్మా. చీకట్లో సన్నటి వెలుగులు పట్టుకునే చూపే ముందు తగ్గుతుంది. వచ్చే ఏడాదికి ఎంత మిగులుతుందో చెప్పలేను,” అన్నాడు గుంటూరు డాక్టరు. ఎండలు ముదిరితే టూర్లు ఆపేస్తారు. మళ్ళీ వేసేది వచ్చే చలికాలానికే. అంటే లలితాంబకు మిగిలింది ఈ రాత్రి ఒక్కటే.

ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. దాచాలని దాచలేదు. గుంటూరు నుంచి వచ్చిన రోజు చెబుదామని సాయంత్రం దాకా కాచుక్కూర్చుంది. కొడుకు సుధీర్ ఫోన్లో ఎవరికో పాలసీ వివరిస్తూ వచ్చి, వివరిస్తూనే తిని, వివరిస్తూనే పడుకున్నాడు. హరిత ముందు పరీక్ష పేపర్ల కట్ట. ఇక భర్తతో ఆమెకు రోజుకు మూడు మాటలే. కాఫీ తాగారా, బీపీ మాత్ర వేసుకున్నారా, తలుపు వేశారా. ఆయన మూడింటికీ ఒకటే జవాబు చెబుతారు, “ఊఁ” అని. కంటి చుక్కల సీసాను ఫ్రిజ్ తలుపులో నిమ్మకాయల వెనక పెట్టుకుంది. రెండు నెలల్లో అదేంటని అడిగినవాళ్ళు లేరు.

లలితాంబ హాల్లోకి వచ్చింది, వెనకే హరిత. సుధీర్ సోఫాలో టిఫిన్ ప్లేటుతో ఉన్నాడు. కిటికీ పక్క కుర్చీలో ఆమె భర్త, రిటైరైన తెలుగు లెక్చరర్, పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నారు. ఆమె టీవీ కట్టేసి రిమోట్ చేతిలోనే పట్టుకుంది.

“నిన్న సాయంత్రం ఐదింటికి నేను కూరలకి వెళ్ళాను. ఫోన్ ఇదిగో, ఇక్కడ చార్జింగులో ఉంది. వచ్చేసరికి ఇంట్లో ముగ్గురూ ఉన్నారు. నా టూరు ఎవరు మార్చారు?”

“టూరేంటి?” అన్నాడు సుధీర్, ఇడ్లీ నోట్లోనే ఉంచుకుని.

“పడవ టూరు.”

“అమ్మా, అది నిజంగానే బుక్ చేశావా! ఏదో ముచ్చటపడి చూస్తున్నావనుకున్నా.”

“వద్దన్నవాడివి నువ్వే కదా. అరవయ్యొక్కేళ్ళ ముసల్దానికి పడవలేంటి, నలుగురూ నవ్వుతారన్నావు.”

“అన్నాను. ఇప్పుడూ అంటాను. అంతేగానీ దొంగతనంగా మారుస్తానా? నిన్న ఐదింటికి నేను బాపట్లలో క్లయింటు ఇంట్లో ఉన్నా. కావాలంటే మధుబాబుకి ఫోన్ చెయ్.”

“మరి వచ్చేసరికి ఇంట్లో ఉన్నావుగా?”

“ఆరున్నరకి వచ్చా! పోలీసుల్లా నిలదీస్తావేంటమ్మా, ఇడ్లీ గొంతు దిగట్లేదు.”

లలితాంబ ఫోన్ తీసి చూసింది. నంబరు మెసేజ్ చెరిపేసి ఉంది. ఏసుబాబుకు వెళ్ళిన కాల్ మాత్రం చెరపలేదు. చెరపడం రాని మనిషో, మరిచిపోయిన మనిషో. ఐదూ పన్నెండుకు మొదలై తొమ్మిది నిమిషాలు నడిచింది ఆ కాల్.

ఐదూ పన్నెండుకు సుధీర్ ఇంట్లో లేడు. మగగొంతు. ఇక మిగిలింది ఒక్కరే.

ముగ్గురూ కిటికీ వైపు తిరిగారు. పేపరు కదల్లేదు.

“ఏవండీ,” అంది లలితాంబ. “పేపరు దించండి.”

పేపరు దిగింది. ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు.

“నేనే మార్చాను,” అన్నారు.

“ఎందుకు?”

ఆయన కొడుకు వైపు చూశారు. కోడలి వైపు చూశారు. “ఎందుకేంటి? ఆదివారం అమావాస్య. అలాంటి రోజు గడప దాటడమే తప్పంటే, నీళ్ళ మీదికా! పౌర్ణమి మంచి రోజు. అప్పుడు వెళ్ళు.”

“అయ్యో మావయ్యా, ఒక్కమాట చెప్పాల్సింది కదండీ,” అంది హరిత నెమ్మదిగా.

సుధీర్ ప్లేటు కింద పెట్టాడు. “ఇందులో నాన్న తప్పేముందమ్మా? మంచికే మార్చారు. పదిహేను రోజులే కదా ఆలస్యం!”

“పదిహేను రోజులే,” అంది లలితాంబ. ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే వాళ్ళకు అలవాటే. “పౌర్ణమి నాడు అక్కడ ఏమీ కనపడదురా. వెన్నెల్లో ఆ వెలుగు చచ్చిపోతుంది. చీకటి ఉండాలి, ఎంత చీకటైతే అంత మంచిది. వచ్చే అమావాస్యకి టూర్లుండవు. వచ్చే ఏడాదికి నా కళ్ళుండవు.”

“కళ్ళేంటి?”

ఆమె ఫ్రిజ్ తలుపు తీసింది. నిమ్మకాయల వెనకున్న సీసా తెచ్చి, కొడుకు ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టింది.

“నీటికాసులు. రెండు నెలలైంది. రాత్రి పడుకోబోయే ముందు చుక్కలు వేసుకుంటున్నాను, మీ అందరి మధ్యలో నడిచెళ్ళి, ఆ ఫ్రిజ్ తీసి.”

హరిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “చెవి చుక్కలనుకున్నానత్తయ్యా. అడుగుదామనుకుంటూనే...”

“నాకెందుకు చెప్పలేదమ్మా?” అన్నాడు సుధీర్.

“ఎప్పుడు చెప్పను నాన్నా? నువ్వు ఫోన్ ఎప్పుడు పెట్టేస్తావు?”

వాడు తలదించుకున్నాడు. లలితాంబ భర్త వైపు తిరిగింది. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆయన్ని నిలదీయడం అదే మొదలు.

“రాహుకాలాలు, వర్జ్యాలు అన్నీ భరించాను. మా అమ్మ పోయిన రోజు కూడా దుర్ముహూర్తం దాటేదాకా నన్ను బండెక్కనివ్వలేదు. ఊరుకున్నాను. ఇదొక్కటి, నా అంతట నేను ఎంచుకున్నది ఇదొక్కటే. దీని మీద కూడా మీ పంచాంగం పెట్టాలా?”

ఆయన మొహం పాలిపోయింది. చేతిలోని పేపరు నేల మీదికి జారినా తీసుకోలేదు.

“లలితా... కళ్ళ సంగతి నాకు తెలీదే,” అన్నారు చివరికి.

“తెలిస్తే?”

ఆయన ఇప్పుడు వంగి పేపరు తీశారు.

అప్పుడే ఆమె ఫోన్ టింగుమంది. ఏసుబాబు నిన్నటి మార్పు రసీదు పంపాడు, రుజువు కోసం. లలితాంబకు చిన్న అక్షరాలు చదవాలంటే తల కాస్త పక్కకు తిప్పాలి. అది చూసి హరిత ఫోన్ అందుకుంది.

“వెన్నెల టూరు. పౌర్ణమి, రాత్రి ఏడున్నర. జంట పడవ...” హరిత ఆగింది. “అత్తయ్యా, ఇక్కడ ఇద్దరని ఉంది.”

“ఇద్దరేంటి? నేను ఒక్కదానికే కదా కట్టింది.”

“ఒకటి, లలితాంబ, ఆడ, అరవై ఒకటి. రెండు... పేరు రాయలేదు. మగ, అరవై ఏడు.”

వీధిలో ఆకుకూరల బండివాడి కేక వినపడింది. హరిత ఆ వరుసను మళ్ళీ చదువుకుంది.

సుధీర్ వయసు ముప్ఫై మూడు. ఆ ఇంట్లో అరవై ఏడేళ్ళ మగమనిషి ఒక్కరే. సూర్యలంక బీచికి తీసుకెళ్తే మోకాళ్ళ దాకా కూడా దిగని మనిషి. కార్తీక స్నానాన్ని చెంబుతో ముగించే మనిషి.

“ఏవండీ,” అంది లలితాంబ. “అమావాస్య అనేనా మార్చింది? నిజం చెప్పండి.”

ఆయన కిటికీ బయటికి చూస్తూ మాట్లాడారు. అరటిచెట్టుకు పాఠం చెబుతున్నట్టు.

“మొన్న నీ ఫోన్ మోగితే తీశాను. ఆ అబ్బాయే. ‘అమావాస్య టూరుకి మేడంగారొక్కరేనా, ఇంకెవరన్నా వస్తారా’ అని అడిగాడు. ఒక్కరేనట. నువ్వే రాశావట. నెల్రోజులుగా ఒక్కదానివే పోవాలని చూస్తున్నావన్నమాట. నన్ను రమ్మని అడుగుతావేమోనని నిన్నటిదాకా చూశాను. అడగలేదు. నేనే ఫోన్ చేసి, నన్నూ వెయ్యమన్నాను. అమావాస్యకి జంట పడవ ఖాళీ లేదన్నాడు, పౌర్ణమికుందన్నాడు. వెయ్యమన్నాను. ఈ పిల్లల ముందు అదేం చెబుతాను? నవ్వరా? అందుకే అమావాస్యన్నాను.”

“నాన్నా, నీకు ఈత రాదు,” అన్నాడు సుధీర్.

“రాదు. అయితే?”

“మరి వెన్నెల్లో కనపడదని తెలీదా మీకు?” అంది లలితాంబ. 

“నాకెలా తెలుస్తుందే! నలభయ్యేళ్ళు పద్యాలు చెప్పినవాణ్ణి. లోకంలో ఏది అందంగా ఉన్నా వెన్నెల్లో ఇంకా అందంగా ఉంటుందనే చదివాను, చెప్పాను. నీకు మంచి రాత్రే ఎంచాననుకున్నాను.”

లలితాంబ సోఫా అంచున కూలబడింది. నవ్వో ఏడుపో ముందుగా తేలలేదు. చివరికి ఏడుపే వచ్చింది. ఒక్క మనిషి అని నొక్కిన రాత్రి గుర్తొచ్చింది. పక్క గదిలో ఆయన దీపం వెలుగుతూనే ఉంది. ‘నీళ్ళంటే ఆయనకు పడదు, అడిగినా ఊఁ అంటారు’ అని తనే ప్రశ్న వేసుకుని, తనే జవాబు చెప్పుకుని, ఒకటి అంకె మీద వేలు పెట్టింది. ఆ గుమ్మం దాటడానికి నాలుగడుగులు. తను వెయ్యలేదు.

“తప్పు నాది కూడా,” అంది. “అడగాల్సింది. అడక్కుండానే మీరు రారని తీర్మానించేసుకున్నాను.”

ఆయన లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. కొడుకూ కోడలూ ఉన్నారన్న సంకోచంతో మధ్యలో జానెడు ఎడం వదిలారు. కాసేపటికి, చూడనట్టే చూస్తూ, సీసా మీది కాగితం చదివారు.

“రాత్రి ఎన్ని చుక్కలు?”

“ఒక్కొక్కటి. రెండు కళ్ళకీ.”

“నేను వేస్తాను. నువ్వు వేసుకుంటే సగం బుగ్గ మీదే పడుతుంటాయి.”

“మీకెలా తెలుసు?”

“నిద్రలో ఏడుస్తున్నావనుకున్నాను ఇన్నాళ్ళూ. పొద్దున్నే అడుగుదామనుకునేవాణ్ణి,” అన్నారాయన. “అడగలేదు.”

సుధీర్ గబుక్కున లేచాడు. తల్లి ఫోన్ తీసుకుని ఏసుబాబుకు కలిపి, స్పీకర్ పెట్టాడు.

“తమ్ముడూ, లలితాంబ గారబ్బాయిని. ఇవాళ రాత్రికే, ఎలాగైనా ఇద్దరికి...”

“అయ్యో సార్, నేనే చేద్దామనుకుంటున్నా! జంట పడవ ఇప్పుడే ఖాళీ అయిందండి. చీరాల కొత్త దంపతులు. ఆదివారం అమావాస్యని వాళ్ళ మామ్మ గుమ్మంలో అడ్డం కూర్చుందంట. గుమ్మం దిగనిచ్చేది లేదందంట!”

హరిత ఫక్కున నవ్వేసింది. కన్నీళ్ళతోనే లలితాంబ కూడా.

“ఖాయం చెయ్ తమ్ముడూ,” అన్నాడు సుధీర్. “మూడింటికి కార్లో బయల్దేరతాం. రేపల్లె మీదుగా నేనే తీసుకొస్తా. ఒడ్డున కూర్చుంటా.” తల్లి వైపు చూశాడు. “ఫోన్ కట్టేసి.”

“అలాగే సార్. ఈత రాకపోయినా పర్లేదు, జాకెట్లుంటయ్. కాకపోతే పడవెక్కే ప్రతి మనిషికీ లిస్టులో పేరుండాలండి. నిన్న ఆ పెద్దాయన ‘పేరు తర్వాత చెబుతాలే’ అని పెట్టేశారు.”

సుధీర్ నోరు తెరవబోతే లలితాంబ చెయ్యి చాపింది. ఫోన్ తీసుకుంది.

“నేను చెబుతాను ఏసుబాబూ.”

“మేడంగారా! ఇంతకీ దొరికారాండి, నిన్న టూరు మార్పించినాయన?”

“దొరికారు.”

“ఎవరండి ఆయన?”

లలితాంబ పక్కకు చూసింది. కాలేజీ స్టాఫ్‌రూములో ఆయన ‘సార్’. ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర ‘మావారు’. ఎదురుగా ఉంటే ‘ఏవండీ’. రేషన్ కార్డు దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా ఎన్ని కాగితాల మీద రాసిందో, నోటితో మాత్రం ఆ పేరు ఒక్కసారీ పలకలేదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని అత్తగారు చెప్పింది. జువాలజీ చదివిన మనిషి నమ్మలేదు. నమ్మకపోయినా పలకలేదు.

ఆయన కూడా ఆమెనే చూస్తున్నారు, క్లాసులో పేరు పిలిచే వేళ ఎదురుచూసే కుర్రాడిలా.

“రాసుకో,” అంది లలితాంబ. “నా టూరు మార్పించిందీ ఆయనే, రాత్రికి నా పడవలో కూర్చునేదీ ఆయనే. చంద్రశేఖరం.”